డూప్ లేకుండా ఎగిరాను!

మన తెలుగు ప్రేక్షకులకి ఆకాశయానం కొత్తేమీ కాదు. 'పాతాళభైరవి' (1951)లో మాంత్రికుడి మాయకి రాజకుమారి ఉన్న మేడ కాస్తా ఉన్నపళాన లేచిపోయింది. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు శశిరేఖని మంచంతో సహా గాలిలో ఎత్తుకుపోయాడు. పాపం, ఆ పిల్లకి నిద్రాభంగమైనా కాలేదు! 'జగదేకవీరుని కథ' (1961)లో దేవకన్యలు నింగి నుంచి మన తోటలోకి దిగొచ్చారు. ఇక నారదులవారి సంగతి చెప్పేదేముంది? ఏ పౌరాణికం తీసుకున్నా ఆయన కాపురం మబ్బుల మీదే.

ఇన్ని సినిమాల్లో ఇంతమంది ఎగిరారు గదా, వీళ్ళలో ఒక్కరైనా ఎగిరేముందు పరిగెత్తారా? గమనించి చూడండి. ఎవ్వరూ పరిగెత్తరు. చెయ్యి పైకెత్తుతారు, ఫ్యాను గాలికి ఉత్తరీయం రెపరెపలాడుతుంది, వెనక తెర మీద ప్రొజెక్టరు వేసిన మబ్బులు కదిలిపోతుంటాయి. అంతే, ఎగిరినట్టే! కానీ నిజంగా ఎగరాలంటే ముందు పరిగెత్తాలండీ. అదీ చదును నేల మీద కాదు, కొండ అంచు వైపుకి. పాదాల కింద నేల అయిపోయిన తర్వాత కూడా ఆగకుండా గాలిలో కాళ్ళాడిస్తూ పరిగెత్తాలి. ఈ రహస్యం నేను యాభై ఏడో ఏట, హిమాచల్ ప్రదేశ్‌లో బీర్ అనే ఊళ్ళో నేర్చుకున్నాను.

మా చెల్లెలి కొడుక్కి ఢిల్లీలో ఉద్యోగం. "పెద్దమ్మా, ఊరికే సినిమా కబుర్లు చెప్పడం కాదు, ఒక్కసారి వచ్చి ఎగిరి చూడు" అని గత అక్టోబరులో వాడే టిక్కెట్లు కొనేశాడు. సాయంత్రం ఢిల్లీలో బస్సెక్కితే తెల్లారి బీర్‌లో దిగాం. కాంగ్రా జిల్లాలో ఉందీ ఊరు. ముందు టీ తోటలు, వెనక గోడ కట్టినట్టు ధౌలాధార్ పర్వతాల వరస. టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులు 1960 దశకంలో ఇక్కడ ఒక కాలనీ కట్టుకున్నారు. వాళ్ళ బౌద్ధారామాలు, ఎర్రటి వస్త్రాల్లో బడికి పోతున్నట్టు వరసగా నడిచే బాల భిక్షువులు, వీధి మలుపులో పొగలు కక్కే మోమోల బండ్లు... మన కళాదర్శకులెవరైనా చూస్తే సెట్టింగు ఖర్చు మిగిలిందని మురిసిపోతారు.

అన్నట్టు, దగ్గర్లోనే బైజ్‌నాథ్ శివాలయం ఉంది. 1204 నాటి శాసనం ఉన్న పాత గుడి. రావణుడు కైలాసం నుంచి శివలింగాన్ని లంకకి మోసుకుపోతూ ఇక్కడే నేల మీద దించాడనీ, అది ఇక కదల్లేదనీ స్థలపురాణం. మనకేమో ఆ కథ గోకర్ణంలో జరిగింది. 'భూకైలాస్' (1958)లో రామారావు రావణుడిగా, నాగేశ్వరరావు నారదుడిగా మనకి చూపించిన కథ అదే. "మా గోకర్ణం" అని నేనంటే, "కాదు, మా బైజ్‌నాథ్" అన్నాడు గుడి బయట పూలమ్మే ముసలాయన. ఆయనతో వాదనెందుకు? దసరాకి ఉత్తరాదంతా రావణుడి బొమ్మ తగలబెడితే బైజ్‌నాథ్‌లో మాత్రం తగలబెట్టరు. అంత శివభక్తుణ్ణి కాల్చడానికి వాళ్ళకి మనసొప్పదు. పుష్పక విమానం సొంతదారుకి ఇంత మర్యాద ఉన్న చోట ఎగరడం శుభమే అనుకున్నాను.

ఇక అసలు సంగతి. బీర్‌కి వచ్చే పోయే జనంలో చాలామంది ఎగరడానికి వచ్చినవాళ్ళే. ఊరు సముద్రమట్టానికి పధ్నాలుగు, పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి జీపులో పద్నాలుగు కిలోమీటర్లు దేవదారు చెట్ల మధ్య మెలికలు తిరిగి పైకి వెళితే బిల్లింగ్ వస్తుంది, దాదాపు 2,400 మీటర్లు. బిల్లింగ్‌లో గాలిలోకి లేవడం, బీర్‌లో నేల మీద దిగడం. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ కూడా ఇక్కడ జరిగింది. వానల రోజుల్లో, అంటే జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా, ప్రభుత్వం ఎగరనివ్వదు. వానలు వెలిశాక వచ్చే అక్టోబరు, నవంబరు నెలలు ఈ ఊరికి పెళ్ళిళ్ళ సీజను లాంటివి.

ఈ విద్య వయసు కూడా ఎక్కువేం కాదు. లోపల అరలు అరలుగా ఉండి, ఎదురుగాలి నిండితే రెక్కలా బిగుసుకునే గుడ్డని 1964లో డొమినా జాల్బర్ట్ అనే ఆయన రూపొందించాడు. విమానంలోంచి దూకేవాళ్ళకి ఆ రకం పారాచూట్లు వచ్చాయి. 1978 జూన్‌లో ఫ్రాన్స్‌లో మియుస్సీ అనే కొండ ఊళ్ళో బెటాం, బోన్, బొసాన్ అనే ముగ్గురు పారాచూటిస్టులు, విమానం ఖర్చెందుకు, కొండ వాలు మీద పరిగెత్తితే సరిపోదా అని చేసి చూశారు. సరిపోయింది! మనం 'అడవిరాముడు' చూసిన మరుసటి ఏడాది సంగతన్నమాట.

టాండెమ్ అంటే డబుల్ సవారీ. ఇద్దరికీ ఒకే రెక్క. పైలట్ వెనక, మనం ముందు. మనకి స్టీరింగు లేదు, బ్రేకు లేదు, పట్టుకుందామంటే ఎదురుగా కడ్డీ కూడా లేదు. మోపెడ్ మీద వెనక కూర్చున్నవాళ్ళకి కనీసం ముందువాడి వీపైనా కనిపిస్తుంది. ఇక్కడ మన ప్రాణం ఎవరి చేతుల్లో ఉందో ఆ మనిషి మొహం కూడా మనకి కనపడదు.

కొండ మీదికి చేరాక మొదట అడిగింది బరువు. ఆడవాళ్ళని వయసు అడక్కూడదంటారు గదా, ఇక్కడ అంతకంటే అన్యాయం. పదిమందిలో "మీ బరువెంత ఆంటీజీ?" అని గట్టిగా అడిగారు. "డెబ్భై రెండు" అని నేనూ గట్టిగానే చెప్పాను. దాచితే నష్టం నాకే గదా! బరువుని బట్టే ఏ రెక్క, ఏ పైలట్ అనేది తేలుతుంది. తర్వాత ఒక కాగితం మీద సంతకం. ఏం జరిగినా మాది పూచీ కాదని దాని సారాంశం. మా సినిమావాళ్ళ అగ్రిమెంట్లలా అక్షరాలు చీమల బారు. నేను మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను. పైలట్ లైసెన్సు చూపించమన్నాను, రిజర్వు పారాచూట్ ఎక్కడుందో చూపించమన్నాను. మావాడు సిగ్గుతో పక్కకి తిరిగాడు. పైలట్ మాత్రం నవ్వి, రెండూ చూపించాడు. మీరు వెళితే మీరూ అడగండి. మొహమాటపడాల్సిన చోటు కాదది.

పైలట్‌కి ముప్పై ఏళ్ళుంటాయేమో. స్థానికుడే. గద్దీలని, ఈ కొండల్లో తరతరాలుగా గొర్రెలు కాసే జాతి వాళ్ళున్నారు, ఆ ఇంటి కుర్రాడు. తాతలు మందతో నడిచి దాటిన కొండల మీదుగా ఇతను ఎగురుతున్నాడు. తక్కువ మాటలు. నేనేమో కనిపించిన ప్రతివాళ్ళతో మాట్లాడే దాన్ని. అతనేమో ప్రతి మాటకీ ముందు దూరంగా కర్రకి కట్టిన గాలిసంచి వైపు చూసి, ఆ తర్వాత జవాబు చెబుతాడు.

గాలి ఎదురుగా, లోయ వైపు నుంచి పైకి రావాలట. ఎండకి కొండ వాలు వేడెక్కితే గాలి దాన్ని పట్టుకుని పైకి లేస్తుంది. ఆ లేచే గాలే వీళ్ళకి పెట్రోలు. కానీ మేం వెళ్ళేసరికి గాలి వెనకనుంచి, అడ్డంగా, ఇష్టమొచ్చినట్టు తిరుగుతోంది. "ఆగాలి" అన్నాడు. ఆగాం. అరగంట, గంట, గంటన్నర. పక్కన నలుగురు కుర్రాళ్ళ గుంపు ఒకటే గొడవ. వాళ్ళ వీడియోకి వెలుతురు పోతోందట. ఇప్పుడు ప్రతి ప్యాసింజరూ తన సినిమాకి తనే హీరో గదా! పొడుగాటి కర్రకి కెమెరా బిగిస్తారు, దానికి డబ్బు వేరే. "రెండు వేలు ఎక్కువిస్తాం, ఇప్పుడే ఎగరేయండి" అన్నారు వాళ్ళు. మా పైలట్ గాలిసంచి వైపు చూసి, "ఆగాలి" అన్నాడు. ఇంకా పెద్ద డైలాగు చెబుతాడేమోనని చూశాను. అంతే! టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆ గంటన్నరలో, గడ్డి మీద కూర్చుని కొండ అంచుకేసి చూస్తుంటే మా బాబాయి గుర్తొచ్చాడు. నిజం చెప్పాలంటే నేను అంత దూరం వెళ్ళింది మావాడు పిలిచినందుకు కాదు. బాబాయి గురించి.

మా బాబాయి మద్రాసులో సినిమాల్లో చేసేవాడు. తెనాలిలో మా వీధిలోవాళ్ళు "ఏం వేషాలు వేస్తాడే మీ బాబాయి?" అనడిగేవాళ్ళు. వేషం లేదు, తాడు. పౌరాణికాల్లో, జానపదాల్లో దేవతలూ రాక్షసులూ ఎగిరే రోప్ షాట్లకి తాడు లాగే మనుషుల్లో ఆయనొకడు. ఎగిరే మనిషి నడుముకి బట్టల లోపల తోలుపట్టీ కడతారు. దానికి రెండు ఉక్కు తీగలు. అవి ఫ్లోరు పైకప్పుకి కట్టిన కప్పీల మీదుగా ఇవతలికి వచ్చి మోకుకి తగులుకుంటాయి. మోకు పట్టుకుని నలుగురైదుగురు వెనక్కి నడుస్తుంటే అక్కడ దేవకన్య పైకి లేస్తుంది. ఇప్పుడైతే పచ్చ తెర ముందు ఎంత లావు తాడైనా వేలాడదీసి, తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తున్నారు. అప్పుడా సదుపాయం లేదు. తీగ ఎంత సన్నగా ఉంటే షాట్ అంత బాగా వచ్చేది. "షాట్‌కి మంచిదైన తీగ మనిషికి మంచిది కాదమ్మడూ" అనేవాడు బాబాయి.

1979 వేసవి సెలవులు. నాకు పదకొండేళ్ళు. సాలిగ్రామంలో వాళ్ళింట్లో ఉన్నాను. మిట్టమధ్యాహ్నం బాబాయి రెండు అరచేతులకీ గుడ్డలు చుట్టుకుని ఇంటికొచ్చాడు. పిన్ని కెవ్వుమంది. ఆ పూట హీరోయిన్‌కి డూప్‌గా, ఆవిడ చీర కట్టుకుని, సవరం పెట్టుకుని ఒక కుర్రవాడు పైకి లేచాడట. రెండు తీగల్లో ఒకటి పుటుక్కుమంది. ఆ కుదుపుకి మోకు మిగతావాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. బాబాయి వదల్లేదు. మోకు అరచేతుల్లోంచి మంటలా దూసుకుపోతున్నా వదల్లేదు. పైనున్న కుర్రవాడు రాయిలా పడాల్సినవాడు కాస్త నెమ్మదిగా పడ్డాడు. తొడ ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. ఏ కంపెనీ, ఏ చిత్రం అని మాత్రం నన్నడక్కండి.

తీగ తెగకముందు తీసిన ముక్క సినిమాలో ఉంచారు. ఏడు సెకన్లు. తెనాలిలో ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఆ ఏడు సెకన్లకీ హాలంతా ఈలలు, చప్పట్లు. డూప్ కుర్రవాడి పేరు టైటిల్స్‌లో లేదు. తాడు పట్టినవాళ్ళ పేర్లు ఎలాగూ ఉండవు.

బాబాయి మళ్ళీ మోకు పట్టుకోలేదు. వడపళనిలో సైకిళ్ళు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి, ఆయన మంచి ఉత్సాహంగా ఉన్నప్పుడు అడిగాను. "ఎగిరేవాళ్ళకి అక్కడ ఎలా ఉంటుంది బాబాయ్?"

"నాకేం తెలుసమ్మడూ? నేనెప్పుడన్నా ఎగిరానా? నాకు తెలిసింది వాళ్ళ బరువొక్కటే" అన్నాడు. కాసేపాగి, "నమ్మినవాడు తేలిగ్గా లేస్తాడు. భయపడ్డవాడు గుండ్రాయి" అన్నాడు.

ఆయన 2004లో పోయాడు. పాడె మీద పడుకోబెట్టినప్పుడు కూడా అరచేతుల్లో ఆ మచ్చలు తెల్లగా కనపడుతూనే ఉన్నాయి. ఆయనకి తెలియకుండా పోయింది తాడుకి అవతలి కొస సంగతి. అదేమిటో చూద్దామని నా తాపత్రయం.

సరే, గాలి కుదిరింది. "ఆంటీజీ, రండి" అని పిలుపొచ్చింది. నెత్తిన హెల్మెట్, తొడలకీ నడుముకీ ఛాతీకీ పట్టీలు, వీపు వెనక బస్తా లాంటి సీటు. కొక్కేలు ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. అతని సూచనలన్నీ కలిపి మూడే మాటలు. పరిగెత్తమంటే పరిగెత్తండి. గెంతకండి. నేను చెప్పేదాకా కూర్చోకండి.

వెనక గడ్డి మీద రెక్క పరిచి ఉంది. ఉత్త గుడ్డ! గట్టి చట్రమంటూ లేదు. గాలిపటానికైనా చీపురుపుల్లల చట్రం ఉంటుంది, దీనికి అలాంటి చట్రమూ లేదు. దాన్నుంచి పురికొస కంటే సన్నగా బోలెడు తాళ్ళు. చూడ్డానికి అలా ఉన్నా, ప్రధానమైన తాళ్ళలో ఒక్కొక్కటీ ఒక మనిషి బరువుకి మించి ఆపగలదట. 1979లో అలాంటి తాళ్ళు ఉంటే ఎంత బాగుండేది!

"భాగో!" అన్నాడు. పరిగెత్తాను. రెండడుగులు వేశానో లేదో వెనకనుంచి ఎవరో జుట్టు పట్టి లాగినట్టయింది. రెక్క లేస్తున్న ఊపు అది. ఇంకో రెండడుగులు. ఇంతలో "రుకో! రుకో!" అని కేక. రెక్క ఎడమవైపు ఒరిగిపోయింది. ఇద్దరం చతికిలబడ్డాం. పడ్డాక కూడా రెక్క మమ్మల్ని రెండు మూడు గజాలు గడ్డి మీద ఈడ్చుకుపోయింది. అంచు ఇంకా అల్లంత దూరంలో ఉంది. కానీ ఆ క్షణంలో నా కళ్ళకి చాలా దగ్గరగా కనపడింది.

మావాడు పరిగెత్తుకొచ్చాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పెద్దమ్మా, చాల్లే, జీపులో దిగిపోదాం. అమ్మకి తెలిస్తే నన్ను చంపేస్తుంది" అన్నాడు. నా మోకాళ్ళు వణుకుతున్నాయి. గొంతు తడారిపోయింది. దిగిపోదామనే నాకూ అనిపించింది. పైలట్ వైపు చూశాను, ఏదైనా ధైర్యం చెబుతాడేమోనని. అతను "ఏం ఫర్వాలేదు" అనలేదు. "ఎగరండి" అనలేదు. "మీ ఇష్టం ఆంటీజీ" అని, రెక్క దగ్గరికి పోయాడు.

మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క తాడునీ వేళ్ళ మధ్య పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడుముతున్నాడు. ఒక తాడులో చిన్న ఎండుపుల్ల చిక్కుకుని ఉంది. తీసి పారేశాడు. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. అవతల తోటి పైలట్లు తొందరపెడుతున్నారు, వరసలో వెనకవాళ్ళు అరుస్తున్నారు. అతనికి చెవులున్నట్టే లేవు. మా పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు అలా ఉండేది.

నేను లేచి నిలబడి గడ్డి దులుపుకున్నాను. "మళ్ళీ కట్టు బాబూ" అన్నాను తెలుగులోనే. అర్థమైనట్టుంది. మావాడు తల పట్టుకున్నాడు.

రెండో టేక్ ఓకే! "భాగో, భాగో, భాగో!" పరిగెత్తాను. జుట్టు పట్టి లాగినట్టయింది, ఆగలేదు. రెక్క నెత్తి మీదికొచ్చింది, భుజాల మీద ఎవరో చేతులేసి ఎత్తుతున్నట్టయింది. కాళ్ళు ఇంకా పరిగెడుతున్నాయి. చూస్తే కింద గడ్డి లేదు. దేవదారు చెట్ల కొనలున్నాయి.

"బైఠియే ఆంటీజీ" అన్నాడు వెనకనుంచి. వెనక్కి జరిగి కూర్చున్నాను. అచ్చం పడక్కుర్చీ.

మీరేదైనా హాహాకారం ఊహించుకుంటున్నారేమో. ఏమీ లేదు. లిఫ్టు దిగేటప్పుడు కడుపులో కలుక్కుమనే బాధ కూడా లేదు. మొట్టమొదట నాకు తోచింది, నేపథ్య సంగీతం లేదే అని! వయొలిన్లు లేవు, కోరస్ లేదు. చెవుల పక్కనుంచి గాలి చప్పుడు, మా తాళ్ళ సన్నటి ఈల, అంతే. రెండోది, వెనక తెర కదలదు. గంటకి ముప్పై అయిదు, నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్నామట, కానీ ధౌలాధార్ ఎక్కడిదక్కడే ఉంది. సినిమాలో అయితే ఈపాటికి పది మబ్బులు వెనక్కి పరిగెత్తి ఉండేవి. అసలు ఎగరడంలో కదులుతున్నట్టే ఉండదు. కింద మాత్రం మేం వచ్చిన జీపు రోడ్డు ఎవరో విసిరేసిన దారం ముక్కలా ఉంది. పచ్చిక మీద నూకలు చల్లినట్టుంటే, ఏమిటవని అడిగాను. "గొర్రెలు. మా చిన్నాన్నవి కూడా కావచ్చు" అన్నాడు.

పైలట్ భుజానికున్న చిన్న యంత్రం పిక్ పిక్‌మంటోంది. పైకి లేస్తుంటే తొందర తొందరగా కూస్తుంది, దిగుతుంటే మూలుగుతుంది. ఉన్నట్టుండి అది ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. రెక్క ఒక పక్కకి వాలింది. గుండ్రంగా తిరుగుతూ పైకి పోతున్నాం! గానుగెద్దులా తిరగడమే, కానీ మెట్లు లేని గాలిమేడ ఎక్కుతున్నట్టు. చెవులు గుప్పుమని మూసుకున్నాయి. కడుపులో కాస్త తిప్పింది కూడా. అబద్ధమెందుకు?

అప్పుడు కనపడ్డాడు, మాతోపాటే ఆ గాలిలో తిరుగుతూ, జటాయువు. హిమాలయ రాబందు. చాచిన రెక్కలు ఇంచుమించు మూడు మీటర్లు ఉంటాయి. ఒక్కసారి కూడా ఆడించలేదు. చివరి ఈకలు మాత్రం మన చేతివేళ్ళలా విచ్చుకుని ఉన్నాయి. తల తిప్పి నన్ను చూసింది. ఇదెవత్తె అన్నట్టు చూసి, మళ్ళీ తన దారిన తను పోయింది. పైలట్లు గాలి ఎక్కడ లేస్తోందో రాబందుల్ని చూసే తెలుసుకుంటారట. మా చిన్నప్పుడు ఊరి బయట చెట్ల మీద రాబందులు బారులు తీరి ఉండేవి. పశువులకి వాడిన డైక్లోఫినాక్ మందు వల్ల మన మైదానాల్లో ఆ జాతే తుడిచిపెట్టుకుపోయినంత పనైంది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. పక్కనే, మనిషంత రెక్కలతో, కళ్ళు కనపడేంత దగ్గరగా ఒక రాబందు... సంపాతీ జటాయువుల కథ చెప్పిన మా నాయనమ్మ ఉంటే ఏమనేదో.

రాబందు వెళ్ళిపోయాక ధైర్యం చేసి అడిగాను. హిందీ నాకు సినిమాల ద్వారా వచ్చినంతే వచ్చు. "బాబూ, నీకు అక్కడ ఏం తెలుస్తుంది? నా బరువు తెలుస్తుందా?"

కాసేపు జవాబు లేదు. గాలిసంచి లేదు గదా చూడ్డానికి, దేన్ని చూశాడో మరి. "బరువు రెక్కకి తెలుస్తుంది. నాకు మీ భయం తెలుస్తుంది" అన్నాడు. భయపడ్డవాళ్ళు కాళ్ళు ముడుచుకుంటారట, పట్టీల్ని గట్టిగా పట్టుకుంటారట. ఇద్దరినీ కలిపి తగిలించిన కడ్డీలు ఒకటే గనక, ముందువాళ్ళు బిగుసుకుంటే అది వెనక అతని నడుము దాకా వచ్చేస్తుందట. రెండు చేతుల్లోనూ బ్రేకు తాళ్ళ పిడులున్నాయి. వాటిలోంచి గాలి మాట్లాడుతుంది, పట్టీల్లోంచి ప్యాసింజర్ మాట్లాడుతుంది, అన్నాడు. రోజంతా అతను విన్నదానికంటే ఎక్కువ మాట్లాడింది అప్పుడే.

"మరి నేను?"

"టేకాఫ్‌లో మీరు రాయి ఆంటీజీ" అన్నాడు. నా గుండె ఒక్క క్షణం ఆగింది. "ఇప్పుడు ఫర్వాలేదు."

కిందికి చూశాను. నా రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. పట్టీల్ని ఎప్పుడు వదిలానో నాకే తెలీదు. నేనేం పట్టుకోలేదు, అయినా పడటం లేదు. బాబాయికి ఎవరూ చెప్పని సంగతి ఇదన్నమాట. అవతలి కొసన ఏమీ ఉండదు. పని అంతా ఇవతలివాడిదే. ఆ చీర కట్టుకున్న కుర్రవాడు కూడా ఆ ఏడు సెకన్లూ చేతులు వదిలేసే ఉన్నాడు, సినిమాలో నేను చూశాను గదా. దేవకన్యలా రెండు చేతులూ చాచి, హాయిగా. కళ్ళు నీళ్ళు పెట్టుకున్నాను. గాలికి అని చెప్పుకోవచ్చు, కళ్ళజోడు మీద హెల్మెట్ ఉన్నా గాలి బాగానే కొడుతుంది.

ఇరవై నిమిషాలు దాటాక టిబెటన్ ఆరామాల బంగారు కప్పులు మెరిశాయి. టీ తోటలు దువ్విన తలల్లా కనపడ్డాయి. దిగడం గురించి ఎక్కువ రాయను. లేచి నిలబడమన్నాడు, నిలబడ్డాను. నేల గబగబా పైకొచ్చింది, రెండు బ్రేకులూ కిందికి లాగాడు, రెక్క ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది, నాలుగడుగులు పరిగెత్తాం. అయిపోయింది. రెక్క వెనక కుప్పగా కూలింది. మళ్ళీ ఉత్త గుడ్డ.

మావాడు నా తర్వాత ఇంకో పైలట్‌తో ఎగిరి ఇంకా గాలిలోనే ఉన్నాడు. వాడి అరుపులు మైదానం దాకా వినిపిస్తున్నాయి.

పైలట్ గ్లవుజులు తీస్తున్నాడు. "నీ చేతులు చూపించు" అన్నాను. అతను అనుమానంగా చూశాడు. తర్వాత అతనికేదో స్ఫురించినట్టుంది, మొహం వెలిగింది. రెండు అరచేతులూ చాచి ముందుకొచ్చాడు. "పెళ్ళెప్పుడవుతుందో చెబుతారా ఆంటీజీ? మద్రాసు వైపు వాళ్ళకి జాతకాలు బాగా వస్తాయంటారు!"

చూశాను. మచ్చల్లేవు. బ్రేకు పిడులు ఒరుసుకునే చోట, చూపుడువేలి మొదట్లో మాత్రం చర్మం కాయ కట్టి ఉంది.

"ఫాల్గుణ మాసంలో" అన్నాను.

"అంటే ఎప్పుడు?"

"హోలీ లోపల."

మురిసిపోయాడు. నేనిచ్చిన నూటయాభై రూపాయలు జేబులో వేసుకుని, రెక్కని గబగబా కుక్కి, బస్తా భుజాన వేసుకుని జీపు దగ్గరికి పరిగెత్తాడు. పైన అతనికోసం ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారట. గాలి ఉండేది నాలుగింటి దాకానేనట.